గరాజ్‌లో 165, గోల్కొండలో 140: తేడా ఎక్కడ వస్తోంది?

సంక్రాంతి అయిపోయి అమెరికా పిల్లలు వెనక్కి ఫ్లైట్ ఎక్కేశాక ఇక్కడున్న నాన్నల దగ్గర్నుంచి నాకు మెయిల్స్ మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు గోల్ఫ్ సిమ్యులేటర్, అంటే నాలుగ్గోడల మధ్య తెరకి బంతి కొడితే అది ఎంత దూరం పోయేదో లెక్కగట్టి చూపించే ఏర్పాటు గురించే ఉన్నాయి, అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశా.

ప్రశ్న: బాబూ, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మారేడ్‌పల్లిలో ఉంటాం. ప్రతి ఆదివారం గోల్కొండ గోల్ఫ్ కోర్సులో ఆడతాను. మా అబ్బాయి షికాగో దగ్గర ఉంటాడు, అక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా చలి, మంచు, ఆట సాగదు. అందుకని రెండేళ్ళ కిందట గరాజ్‌లో సిమ్యులేటర్ పెట్టుకున్నాడు. నెట్టు, మ్యాటు, వెనకాల చిన్న రాడార్ డబ్బా. రోజూ రాత్రి కొట్టి నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపిస్తాడు, 7 ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) 165 యార్డులని. మొన్న పండక్కి వచ్చినప్పుడు గోల్కొండ తీసుకెళ్ళా. అదే 7 ఐరన్ చాలాసార్లు 140 కూడా దాటలేదు, బాగా తగిలినవి మాత్రం 150 దాటాయి. సగం షాట్లు బంతి కంటే ముందు నేలకి తగిలాయి. పిల్లాడు చాలా చిన్నబుచ్చుకున్నాడు. ఇప్పుడు ఇంకా ఖరీదైన మెషిన్ కొంటానంటున్నాడు. ఇళ్ళలో పెట్టుకునేవి చలికాలం ప్రాక్టీసుకి పనికొచ్చేంత కరెక్ట్‌గా ఉంటాయా? మెషిన్ మార్చాలా?
— ఒక తండ్రి, మారేడ్‌పల్లి

జవాబు: అంకుల్, ముందు ఆ కొత్త మెషిన్ ఆర్డర్ ఆపమనండి, ఏప్రిల్ దాకా ఆగితే పోయేదేం లేదు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఏంటంటే ఇందులో మెషిన్ వాటా కొంచెమే, మ్యాట్ వాటా చాలా ఎక్కువ.

ఎలా చెప్తున్నానో వినండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, షికాగో 180 మీటర్ల దగ్గర. మన దగ్గర గాలి కాస్త పల్చన, పైగా జనవరిలో పగలు 28 డిగ్రీల ఎండ, అంటే బంతి అక్కడికన్నా ఇక్కడే ఒకట్రెండు యార్డులు ఎక్కువ పోవాలి. వాతావరణం మీ అబ్బాయికి సాయమే చేసింది అన్నమాట, అయినా 25 తగ్గాయంటే కారణం వేరేచోట వెతకాలి.

ఫస్ట్ అడగాల్సింది, ఆ 165 క్యారీనా టోటలా అని. క్యారీ అంటే గాల్లో పోయి నేలకి తగిలే దాకా, టోటల్ అంటే దొర్లి ఆగే దాకా. చాలా సాఫ్ట్‌వేర్లలో పెద్ద అక్షరాలతో కనిపించేది టోటలే, అందులో నేల గట్టిదా మెత్తదా అనే సెట్టింగ్ కూడా ఉంటుంది, అది గట్టిగా పెట్టి ఉంటే 7 ఐరన్‌కి కూడా ఎనిమిది పది యార్డుల రోల్ కలిపేస్తుంది. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదకి కొట్టేటప్పుడు మనకి కావాల్సింది క్యారీ. ఇవాళే ఫోన్ చేసి స్క్రీన్ మీద క్యారీ పెట్టుకోమనండి, ఆల్టిట్యూడ్ సెట్టింగ్ కూడా చూడమనండి. బాగా తగిలినవి ఇక్కడ 150 దాటాయని మీరే రాశారు, కాబట్టి నా అంచనా ఆ 165లో క్యారీ 155 చుట్టుపక్కల ఉంటుంది. అదే నిజమైతే ఆ చిన్న డబ్బా పెద్దగా తప్పు చెప్పనట్టే.

ఇప్పుడు కరెక్ట్‌గా ఉంటాయా అన్న అసలు ప్రశ్న. సిమ్యులేటర్ బంతి ఎక్కడ పడిందో చూడదు, చూసే వీలే లేదు కదా, పదడుగుల్లో తెర ఉంది. బంతి బయల్దేరిన మొదటి క్షణంలో దాని స్పీడ్ ఎంత, ఎంత పైకి లేచింది, ఏ పక్కకి బయల్దేరింది, ఎంత తిరుగుతోంది, ఏ పక్కకి వాలి తిరుగుతోంది అని పట్టుకుని మిగతా ప్రయాణం మొత్తం లెక్క కట్టి బొమ్మ చూపిస్తుంది. వీటిలో స్పీడు, పైకి లేచిన యాంగిల్ ఇప్పుడు తక్కువ ధర యూనిట్లు కూడా బాగానే పట్టేస్తున్నాయి. చిక్కంతా స్పిన్, అంటే బంతి తిరగడం దగ్గరే.

ఒక లెక్క చెప్తా, అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ 7 ఐరన్ సగటు బాల్ స్పీడ్ గంటకి సుమారు 120 మైళ్ళు, స్పిన్ నిమిషానికి సుమారు 7000 చుట్లు. ఆ స్పీడులో బంతి పదడుగులు దాటడానికి పట్టేది సెకనులో పదిహేడో వంతు. అంత తిరుగుతున్న బంతి కూడా తెరకి తగిలేలోపు ఏడు చుట్లు పూర్తిచేయదు! బయట రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) అయితే రాడార్ బంతి వెనకాలే చాలా దూరం చూస్తుంది, వంపు కూడా దానికి కనిపిస్తుంది, గరాజ్‌లో ఆ అవకాశం లేదు. అందుకని గార్మిన్ ఆర్10 లాంటి చిన్న రాడార్లు లోపల మామూలు బంతితో ఆడినప్పుడు స్పిన్‌ని కొలవకుండా మిగతా అంకెల నుంచి లెక్కగడతాయి. కెమెరా పద్ధతి వేరు, జీసీక్వాడ్‌లో నాలుగు కెమెరాలు బంతిని అతి దగ్గర నుంచి ఫొటోలు తీసి దాని మీద గుర్తులు ఎంత తిరిగాయో చూస్తాయి, స్కైట్రాక్ కూడా కెమెరాదే, ఉనీకార్ వాళ్ళవి కొన్ని పైన సీలింగ్‌కి బిగిస్తారు. ఇంటి లోపల వాడటానికి నాకైతే కెమెరావే ఎక్కువ నమ్మకం. ట్రాక్‌మ్యాన్ రాడారే కానీ అందులో కెమెరా కూడా ఉంటుంది, దాని ధర మాట మనకొద్దు.

మీ అబ్బాయిది రాడార్ కాబట్టి కొత్త మెషిన్ బదులు ముందు ఒక డజను ఆర్‌సీటీ బంతులు కొనమనండి, టైటిలిస్ట్ వాళ్ళవి, లోపల రాడార్‌కి కనపడే గుర్తులు ఉంటాయి, అవి వాడితే రాడార్ స్పిన్‌ని నేరుగా పట్టుకోగలుగుతుంది. తన యూనిట్ వాటిని సపోర్ట్ చేస్తుందో లేదో మాత్రం చూసుకుని కొనాలి.

స్పిన్ మీద ఇంత ఎందుకు చెప్తున్నానంటే బంతి వంపు దానిదే. బంతి తిరిగే ఇరుసు ఒక డిగ్రీ వాలితే ప్రతి 100 యార్డులకి సుమారు 0.7 యార్డు పక్కకి వంగుతుంది అని ఒక లెక్క ఉంది. అంటే మెషిన్ ఆ ఇరుసుని 8 డిగ్రీలు తప్పు ఊహిస్తే 150 యార్డుల దగ్గర 8 యార్డులు పక్కకి చూపిస్తుంది, గ్రీన్ మధ్యలో పడాల్సింది ఇసుక బంకర్‌లో పడినట్టు కనిపిస్తుంది. ఆ బొమ్మని నమ్మి స్వింగ్ మార్చుకుంటే ఎంత నష్టమో నాకు బాగా తెలుసు. ఒక ఎండాకాలం నేను లోపలే ప్రాక్టీస్ చేశా, ప్రతి బంతీ కుడికి బయల్దేరినట్టు చూపించేది, మూడు వారాలు కష్టపడి క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) మూసి మూసి మొత్తానికి తెర మీద స్ట్రెయిట్ చేసుకున్నా, తీరా జూన్‌లో తొలి వాన పడ్డాక కోర్సుకి వెళ్తే అన్నీ ఎడమ చెట్లలోకే. తర్వాత కొలిచి చూస్తే యూనిట్ టార్గెట్ లైన్‌కి రెండు డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది. రెండు డిగ్రీలంటే కంటికి ఆనదు, 150 యార్డుల దగ్గర అది 5 యార్డులు. ఆ స్వింగ్ మళ్ళీ దారికి తెచ్చుకోడానికి నాకు దసరా దాకా పట్టింది. అప్పట్నుంచి నేల మీద తాడు లాగి, యూనిట్, బంతి, తెర మధ్యలో పెట్టిన గుర్తు మూడూ ఒకే గీత మీద ఉన్నాయా అని చూడకుండా ఒక్క బంతి కూడా కొట్టను. మీ అబ్బాయిని కూడా ప్రతిరోజూ అలా చేయమనండి, గరాజ్‌లో కారు తీసి పెట్టేటప్పుడు కాలు తగిలి కదిలిపోతుంది కూడా.

ఇంకా మ్యాట్. అసలు కథ ఇక్కడుంది అంకుల్. గడ్డి మీద బంతికి రెండంగుళాలు వెనకాలే క్లబ్ నేలకి తగిలిందనుకోండి, క్లబ్ మట్టిలో దిగబడిపోతుంది, బంతి 100 యార్డులు కూడా పోదు, దాన్నే ఫ్యాట్ అంటాం. మ్యాట్ మీద అదే తప్పు చేస్తే క్లబ్ ప్లాస్టిక్ మీద జారి బంతి కిందకి వెళ్ళిపోతుంది, చప్పుడు బాగుంటుంది, తెర మీద 160 కనిపిస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు, బంతి నిజంగానే ఆ స్పీడుతో బయల్దేరింది, మ్యాట్ ఆ తప్పుని క్షమించింది అంతే. రెండు చలికాలాలు, రోజూ రాత్రి, అలా క్షమించుకుంటూ పోతే చేతికి అదే కరెక్ట్ అని అలవాటైపోతుంది, గోల్కొండలో సగం షాట్లు నేలకి తగిలాయంటే కారణం ఇదే. లక్షలు పోసి మెషిన్ మార్చినా ఈ జబ్బు పోదు.

దీనికి మందు చవక. బంతికి నాలుగంగుళాలు వెనకాల, అంటే పిడికిలంత దూరంలో, ఒక చేతి తువ్వాలు మడిచి పెట్టాలి, క్లబ్ తువ్వాలుకి తగలకుండా బంతి కొట్టాలి. మొదటి వారం చాలా చిరాగ్గా ఉంటుంది, తువ్వాలు బంతితో పాటు ఎగిరిపోతూ ఉంటుంది, వదలకూడదు. అలాగే క్లబ్ ఫేస్ మీద టాల్కం పౌడర్ పల్చగా రాసి కొడితే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది, తెర మీద అంకె కంటే ముందు ఆ మచ్చ చూడమనండి.

ఇంకో సంగతి, గరాజ్‌లో హీటర్ ఉందా లేదా మీరు రాయలేదు. చల్లబడిన బంతి గట్టిపడి తక్కువ స్పీడుతో వస్తుంది, బంతులు గరాజ్‌లో వదిలేయకుండా ఇంట్లో పెట్టుకుని ఆడేటప్పుడు పట్టుకెళ్ళాలి. చలిలో వార్మప్ లేకుండా డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన, దూరం కొట్టే క్లబ్) తీయొద్దని కూడా చెప్పండి, నడుము పట్టేస్తుంది.

మెషిన్ కరెక్టా కాదా అన్నది ఏప్రిల్‌లో తనే తేల్చుకోవచ్చు. కిరాణా కొట్టు త్రాసు ప్రతిసారీ 50 గ్రాములు ఎక్కువ చూపిస్తే దాంతో వ్యాపారం నడుస్తుంది, ఎంత తీసేయాలో తెలుసు కాబట్టి. ఒకసారి 50 ఎక్కువ ఇంకోసారి 80 తక్కువ చూపిస్తేనే పారేయాలి. మంచు కరిగాక కోర్సు ఖాళీగా ఉన్న పొద్దున పూట, తను ఆడే సొంత బంతులే పది 7 ఐరన్‌తో కొట్టి, పడిన చోటుకి లేజర్ రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలిచి, యూనిట్ చెప్పిన క్యారీ పక్కన రాసుకోవాలి. రేంజ్ బంతులతో ఈ పరీక్ష చేయకూడదు, అవి అరిగిపోయి ఉంటాయి, తక్కువ పోతాయి. అక్కడ ఏప్రిల్‌లో ఇంకా చలే కాబట్టి డ్రైవర్‌తో అయితే గరాజ్ అంకె కంటే ఒక అయిదు యార్డులు తగ్గినా కంగారు పడక్కర్లేదు. తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటే మెషిన్ ఉంచుకోవచ్చు. ఒక్కో బంతికి ఒక్కోలా ఉంటే అప్పుడు కెమెరా యూనిట్ గురించి ఆలోచించమనండి, అప్పుడు నేనే మోడల్ చెప్తా.

ఈలోపు మిగిలిన చలికాలం రాత్రులు వేస్ట్ కావు. బంతి ఏ పక్కకి బయల్దేరుతోంది అన్నది ఎక్కువగా క్లబ్ ఫేస్ వల్లే, అది ఏ యూనిట్ అయినా లైన్ సరిగ్గా పెడితే బాగానే చూపిస్తుంది. 8 ఐరన్‌కి 7 ఐరన్‌కి మధ్య ఎంత గ్యాప్, ఎన్ని సార్లు ఒకే స్పీడు రిపీట్ అవుతోంది, ఇవి చూసుకోవచ్చు. ఒకే క్లబ్‌తో యాభై బంతులు దంచడం మాత్రం మానేయాలి. గోల్కొండలో మీరిద్దరూ ఆడిన హోల్స్ గుర్తు చేసుకుని, ఇది ఫలానా టీ షాట్, ఇది గ్రీన్ మీదకి అని ప్రతి బంతికీ క్లబ్ మార్చి, వెనక్కి వచ్చి నిలబడి, టార్గెట్ చూసుకుని కొట్టమనండి, నలభై బంతులు చాలు. వచ్చే సంక్రాంతికి మళ్ళీ తీసుకెళ్ళండి, ఈసారి మొదటి అరగంట రేంజ్‌లో గడ్డి మీద కొట్టించాకే కోర్సులోకి దింపండి.

ప్రశ్న: నమస్తే సార్, కొండాపూర్‌లో 11వ ఫ్లోర్‌లో ఫ్లాట్. సాఫ్ట్‌వేర్ జాబ్, ఏడాది నుంచి గోల్ఫ్ నేర్చుకుంటున్నా. ఎండాకాలం, వానాకాలం కోసం స్పేర్ బెడ్‌రూమ్‌లో సిమ్యులేటర్ పెట్టాలని ఉంది. రూమ్ 11 బై 12, సీలింగ్ తొమ్మిదిన్నర, ఫాల్స్ సీలింగ్ ఉంది. నా హైట్ 5 అడుగుల 5 అంగుళాలు. పెట్టొచ్చా?
— ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: ఆ రూమ్‌లో వద్దు మేడమ్. మీరు ఎంతో ఇష్టంగా అడిగారు, వద్దనడం నాకూ కష్టంగానే ఉంది, కానీ డబ్బు పెట్టాక బాధపడేకంటే ఇప్పుడే చెప్పడం నయం.

రాడార్ యూనిట్ అయితే బంతికి వెనకాల ఏడెనిమిది అడుగులు, ముందు ఎనిమిది నుంచి పదడుగులు కావాలి, తెర వెనకాల గోడకి ఇంకో అడుగు ఖాళీ, అంటే ఎటు చూసినా 16 నుంచి 19 అడుగుల పొడవు. మీకున్నది 12. కెమెరా యూనిట్ బంతి పక్కనే పెడతారు కాబట్టి పొడవు సమస్య తగ్గుతుంది కానీ 12లో కూడా బంతికీ తెరకీ దూరం, మీ వెనకాల స్వింగ్‌కి చోటు రెండూ కలిపితే ఇరుకే, తెరకి కొట్టిన బంతి తిరిగొచ్చి మీద పడే ప్రమాదం ఉంది. ఎత్తు సంగతి, మీ హైట్‌కి ఐరన్లు సరిపోవచ్చు, డ్రైవర్ అనుమానమే, ఫాల్స్ సీలింగ్ తీసేసినా బీమ్ ఎక్కడుందో చూడాలి, ఫ్యాన్ ఎలాగూ తీసేయాల్సిందే. నమ్మకం లేకపోతే డ్రైవర్‌కి కవర్ వేసి, ఇంకొకర్ని పక్కన నిలబెట్టి చాలా మెల్లగా ఒక స్వింగ్ చేసి చూడండి, ఒక్కసారి సీలింగ్ భయం పట్టుకుందంటే తెలీకుండానే స్వింగ్ కుదించేసుకుంటారు, అది సిమ్యులేటర్ తప్పుడు అంకె కంటే పెద్ద నష్టం.

ఇంకా చప్పుడు. గంటకి 100 మైళ్ళతో బంతి తెరకి తగిలితే వచ్చే దబ్బున శబ్దం, మ్యాట్ మీద క్లబ్ పడే అదురు, కింద 10వ ఫ్లోర్ వాళ్ళకి నేరుగా వినిపిస్తాయి. మీరు ప్రాక్టీస్ చేసేది ఆఫీస్ అయ్యాక రాత్రి తొమ్మిదికి, అక్కడ పిల్లలు పడుకునే టైమ్.

టెర్రస్ మీద షెడ్ వేసుకుంటే అని ఇంకొకరు కూడా రాశారు, రేకుల షెడ్‌లో మేలో మధ్యాహ్నం ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ బాగుండదు, పక్క నుంచి ఎండ పడితే కెమెరా యూనిట్లకి రీడింగ్ తప్పుతుంది కూడా.

మీకు నేను చెప్పేది, సిటీలో గంట లెక్కన సిమ్యులేటర్ బే ఇచ్చే చోట్లు వచ్చాయి, ఏప్రిల్ నుంచి వారానికి ఒక గంట అక్కడ బుక్ చేసుకోండి. సౌత్ కొరియాలో గోల్ఫ్‌జోన్ 2000లో మొదలైంది, ఇప్పుడు అక్కడ స్క్రీన్ గోల్ఫ్ అంటే ఫ్రెండ్స్ కలిసి రూమ్ తీసుకుని ఆడుకునేదే, ఇంట్లో ఉండాలని ఏం లేదు. వెళ్ళినప్పుడల్లా అదే బే, అదే బంతి అడగండి, యూనిట్ ఏ మోడలో రాసుకోండి, అప్పుడే ఈ వారం అంకెని పోయిన వారం అంకెతో పోల్చడానికి అర్థం ఉంటుంది. ఇంట్లో ఆ రూమ్‌లో ఒక పొడవాటి పుటింగ్ (బంతిని గుంతలోకి దొర్లించడం) మ్యాట్, నిలువుటద్దం పెట్టుకోండి, బంతి లేకుండా రోజూ పది నిమిషాలు అద్దం ముందు స్వింగ్ చేయండి, ఏడాదిలో ఉన్నవాళ్ళకి అది చాలా పనిచేస్తుంది.

ఒక్కటి మర్చిపోవద్దు మేడమ్, షికాగో వాళ్ళకి చలికాలం అంటే ఆట బంద్, మనకి చలికాలమే అసలు సీజన్. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే మంచు ఆరాక ఆ ఎండలో ఆడుతుంటే ఉండే హాయి ఇంకెక్కడా లేదు. మీకు గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ దగ్గర, ఆ బండరాళ్ళ మధ్య కోర్సు చూడటానికే వెళ్ళాలి. సిమ్యులేటర్ ఆలోచనని మార్చి నెలాఖరుకి వాయిదా వేసి ఇప్పుడు వీలైనన్ని సార్లు బయట గడ్డి మీద కొట్టండి. కాళ్ళ కింద నేల ఒకవైపు వాలి ఉన్నప్పుడు ఎలా నిలబడాలో ఏ తెరా నేర్పదు, మ్యాట్ ఎప్పుడూ సమంగానే ఉంటుంది.

ప్రశ్న: సిమ్యులేటర్‌లో 18 హోల్స్ ఆడిన స్కోర్ హ్యాండిక్యాప్‌కి ఎక్కించుకోవచ్చా అన్నా?
— ఒక పాఠకుడు, బోడుప్పల్

జవాబు: కుదరదు తమ్ముడూ. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయి చెప్పే అంకె కదా. 2020 నుంచి ఉన్న వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో సిమ్యులేటర్ స్కోర్లు లెక్కలోకి రావు, నిజం కోర్సు మీద రూల్స్ ప్రకారం ఆడినవే. నీ నోట్‌బుక్‌లో రాసుకో, అది నీకు పనికొస్తుంది.

ప్రశ్న: సార్, మా బాబుకి 13 ఏళ్ళు. గోల్ఫ్ అంటే ప్రాణం. నిజాంపేటలో మాది ఇండిపెండెంట్ హౌస్, డాబా మీద నెట్ కట్టి, సిమెంట్ మీద పల్చటి మ్యాట్ వేసి, ఫోన్‌కి కనెక్టయ్యే చిన్న లాంచ్ మానిటర్ (బంతి స్పీడు కొలిచే పరికరం) కొనిచ్చాం. స్కూల్ నుంచి రాగానే 200 బంతులు కొడతాడు, స్పీడ్ అంకె పెరగాలని. నెల నుంచి ఎడమ మోచేయి నొప్పి అంటున్నాడు. ఆపితే వెనకబడిపోతాడేమో అని వాళ్ళ నాన్న అంటున్నారు.
— ఒక తల్లి, నిజాంపేట

జవాబు: ఇవాళ్టి నుంచి ఆపించండమ్మా. మ్యాట్, మెషిన్ సంగతి తర్వాత, ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. నెల రోజులుగా ఉన్న నొప్పి దానంతటదే పోతుందని చూడకూడదు, ఇది ఎముకలు ఎదిగే వయసు.

జరుగుతున్నది ఏంటంటే, గడ్డి మీద క్లబ్ నేలకి తగిలితే మట్టి లేస్తుంది, దెబ్బ మట్టి తీసుకుంటుంది. సిమెంట్ మీద అరంగుళం మ్యాట్‌కి తగిలితే ఆ దెబ్బ అంతా కడ్డీ మీదుగా మణికట్టుకి, మోచేతికి వస్తుంది. రోజుకి 200 సార్లు. పెద్దవాళ్ళకే మోచేతి నరాలు, కండరాలు పట్టేస్తాయి, పిల్లాడికి చెప్పాలా. వెనకబడటం గురించి వాళ్ళ నాన్నకి నా మాటగా చెప్పండి, రెండు నెలలు రెస్ట్ తీసుకున్న పిల్లాడు మళ్ళీ ఆడతాడు, మోచేయి పాడుచేసుకున్న పిల్లాడి సంగతి అలా కాదు.

డాక్టర్ ఓకే అన్నాక మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మ్యాట్ మార్చండి, క్లబ్ లోపలికి కాస్త దిగేలా మందంగా, మెత్తగా ఉండేది, దాని కింద రబ్బరు షీట్ కూడా వేయండి. రోజు విడిచి రోజు, 40 బంతులకి మించొద్దు, అందులో సగం చిన్న షాట్లే. వీలైతే బంతిని చిన్న రబ్బర్ టీ మీద పెట్టి కొట్టించండి, అప్పుడు మ్యాట్‌కి క్లబ్ గట్టిగా తగలదు. స్పీడ్ అంకె కొన్నాళ్ళు కనపడకుండా ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లలు ఆ అంకె కోసం చేయి విరిగేలా ఊపుతారు. ఆదివారాలు ఎవరైనా కోచ్ దగ్గర గడ్డి మీద ఆడనివ్వండి. మళ్ళీ నొప్పి అంటే వెంటనే నాకు కాదు, డాక్టర్‌కి చెప్పండి. తగ్గాక మాత్రం నాకు తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటా.

ప్రశ్న: మా సిమ్యులేటర్‌లో పుటింగ్ చేస్తే ఆరడుగుల పుట్ కూడా పిచ్చిగా పోతోంది. సెట్టింగ్స్ ప్రాబ్లమా?
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: కొంత సెట్టింగ్స్ అయ్యుండొచ్చు, కానీ మీరు దాని వెంట పడి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. పుటింగ్‌లో బంతి మెల్లగా, కాస్త జారుతూ కాస్త దొర్లుతూ వస్తుంది, ఇంట్లో వాడే యూనిట్లలో ఎక్కువ శాతానికి అది సరిగ్గా అందదు, పైగా గ్రీన్ వాలు కాళ్ళకి తెలియాలి, బొమ్మలో గీతలు చూస్తే తెలియదు. 2025 జనవరిలో ఫ్లోరిడాలో టైగర్ వుడ్స్, రోరీ మెకిల్‌రాయ్ వాళ్ళ టీజీఎల్ అనే ఇండోర్ లీగ్ మొదలైంది కదా, అక్కడ తెర 64 అడుగుల వెడల్పు, అంత పెట్టి కట్టినవాళ్ళు కూడా దూరం షాట్లే తెరకి కొట్టిస్తారు, సుమారు 50 యార్డుల లోపలికి వచ్చాక నిజంగా కట్టిన గ్రీన్ మీదే ఆడిస్తారు. మీరు కూడా సాఫ్ట్‌వేర్‌లో ఆటో పుట్ ఆన్ చేసుకుని, తెర మీద హోల్ అయిపోగానే పక్క గదిలోకి వెళ్ళి, మ్యాట్ మీద అయిదడుగుల దూరంలో ఒక రూపాయి బిళ్ళ పెట్టి దాని మీదుగా బంతి పోయేలా పది కొట్టండి. అసలు గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, రూపాయి బిళ్ళ దాంట్లో పావు వంతు కూడా ఉండదు. వారం రోజులు బిళ్ళకి గురిచూసి కొట్టాక ఆదివారం కోర్సుకి వెళ్ళండి, ఆ గుంత ఎంత పెద్దగా కనిపిస్తుందో చూసి నాకు రాయండి.